ఇచ్చీసిన ఇల్లు

ఠేలా బండి తన గుమ్మం ముందు ఆగుతుందని గంగాభవాని కాళ్ళకి నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. బండి ఆగలేదు. నులక మంచం, ట్రంకుపెట్టె, బొగ్గుల పొయ్యి, తాడేసి కట్టిన పరుపు చుట్ట, అన్నీ ఆమె కళ్ళ ముందు నుంచే ఊగుకుంటూ ముందుకి వెళ్ళిపోయాయి. బండి వెనకాల ఆమె తండ్రి తవిటయ్య సైకిలు నడిపించుకుంటూ, ఆ ఇంటితో తనకేమీ సంబంధం లేనట్టు తిన్నగా ముందుకి చూసుకుంటూ వస్తున్నాడు.

అది అరవై ఒకటో సంవత్సరం. ముప్ఫై మూడేళ్ళు ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో బాయిలర్లకి రివెట్లు కొట్టి, మిస్త్రీగా రిటైరై, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉన్న క్వార్టరు తాళంచెవి ఆ పొద్దునే ఆఫీసులో అప్పజెప్పి వస్తున్నాడు తవిటయ్య. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నది ఒక్కతే కూతురు. ఖరీదాలో ఈ మూడు గదుల ఇల్లు ఆయన ప్రావిడెంట్ ఫండు డబ్బుతో కొన్నదే. ఆర్నెల్ల కిందట దాన్ని కూతురి పేర దానపత్రం రాసి రిజిస్ట్రీ చేయించాడు. గంగాభవాని, ఆమె మొగుడు గోవిందరావు అద్దె గది ఖాళీ చేసి ఇందులోకి వచ్చేశారు. తూర్పు గది అయ్యకని సున్నం వేయించి, కిటికీకి తెర కట్టి, చొక్కా తగిలించుకోవడానికి ఒక మేకు, గొడుగు తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టించి, నెల రోజులుగా ఆమె ఈ రోజు కోసమే చూస్తోంది.

“అయ్యా, ఇల్లు దాటిపోతున్నావు,” అంది.

“దాటాలమ్మీ,” అన్నాడు తవిటయ్య, నడక ఆపకుండానే. “నోపలికొస్తే సట్టం ఒప్పుకోదు.”

బండి వెళ్ళి సందుకి అవతలి పక్కన, సరిగ్గా వాళ్ళ గుమ్మానికి ఎదురుగా ఉన్న ఎస్తేరమ్మ ఇంటి ముందు ఆగింది. ఎస్తేరమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకున్న పెద్దావిడ. తన వీధి గది నెలకి పన్నెండు రూపాయలకి తవిటయ్యకి అద్దెకిచ్చానని, అడ్వాన్సు కూడా పుచ్చుకున్నానని ఆమె చల్లగా చెప్పింది. గంగాభవాని చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు తన కాళ్ళ మీదే పడ్డాయి.

సంగతేమిటని అడిగితే తవిటయ్య సందు మధ్యలో నిలబడి చెప్పాడు. దానం ఇచ్చినవాడు ఆ దానం అనుభవించకూడదట. అనుభవిస్తే, ఆయన పోయిన మర్నాడు సర్కారు మనిషి వచ్చి, ఈ ఇల్లు తవిటయ్యదే, పన్ను కట్టు అని కూతురి గుమ్మంలో కూర్చుంటాడట. ఈ మాట తనకి ఉమాపతి పంతులుగారు చెప్పారట.

గంగాభవాని ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే ఉమాపతి ఇంటికి వెళ్ళింది. ఉమాపతి రైల్వే అకౌంట్సు ఆఫీసులో హెడ్‌క్లర్కు. ఊళ్ళో తెలుగువాళ్ళకి అర్జీ రాయాలన్నా, పింఛను కాగితం చదవాలన్నా ఆయనే దిక్కు. భోజనానికి పిలిస్తే రాడు గాని చట్టం గురించి అడిగితే విస్తట్లోంచి లేచి వస్తాడని భార్య దుర్గాంబ అంటూ ఉంటుంది. దానపత్రం చిత్తు రాసిచ్చింది కూడా ఆయనే.

“ఇలగని సట్టం నిజంగా ఉన్నాదా పంతులుగారూ?”

“ఉందమ్మా. ఎస్టేట్ డ్యూటీ అంటారు. మనిషి పోయాక ఆస్తి వారసులకి చేరేటప్పుడు సర్కారు అందులో కొంత అడుగుతుంది. పోయేలోగా అన్నీ పంచేస్తే సరిపోతుంది కదా అని తెలివైనవాళ్ళు అనుకుంటారు. చట్టం రాసినవాళ్ళు వాళ్ళని మించినవాళ్ళు. ఇచ్చిన రెండేళ్ళలోపు మనిషి పోతే ఆ దానం చెల్లదు పొమ్మని, ఆస్తి ఆయనదే అన్నట్టు లెక్కవేస్తారు.”

“మా అయ్యకేటి, రెండేళ్ళు కాదు, ఇరవయ్యేళ్ళుంతాడు.”

“ఉంటాడు. కాని ఇంకో మెలిక ఉంది. ఇల్లు నీకిచ్చేసి ఆయన అందులోనే ఉంటే, అది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? కాగితం నీ పేర, అనుభవం ఆయనది. అలాంటి దానాన్ని చట్టం నమ్మదు. ఇచ్చినవాడు పూర్తిగా తప్పుకోవాలి. లేకపోతే ఆ ఇంటిని ఆయన ఆస్తిలోనే కలుపుతారు.”

“మరి దానం ఇచ్చినందుకు పన్ను నేదా?”

“అది వేరే ఉంది. గిఫ్టు టాక్సు. ఇచ్చినవాడు కట్టుకోవాలి. అయితే ఏడాదికి పదివేల దాకా మాఫీ. మీ ఇల్లు తొమ్మిదివేలు కదా, దాని జోలికి ఎవరూ రారు,” అని ఉమాపతి ఇంకేదో చెప్పబోయి, గొంతు సవరించుకుని, శుభ్రంగానే ఉన్న కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు.

ఇన్ని మాటల్లో గంగాభవాని చెవికెక్కింది ఒక్కటే, రెండేళ్ళు. రెండేళ్ళు ఓపిక పడితే అయ్య సందు దాటి ఇవతలకి వస్తాడు. ఆ ధైర్యంతో ఇంటికి వచ్చి, తూర్పు గది తలుపు దగ్గరగా వేసింది.

తవిటయ్య చట్టాన్ని పాటించిన తీరు చూస్తే, అది రాసినవాళ్ళు కూడా కాస్త సిగ్గుపడి ఉండేవారు. కూతురి ఇంటి నూతిలో నీళ్ళు తాగడు. పెరట్లో బొప్పాయి పండి రాలిపోతున్నా ముక్క ముట్టడు. మధ్యాహ్నం మూడు దాటాక ఆ ఇంటి నీడ సందు అంతా పరుచుకుని ఎస్తేరమ్మ అరుగు దాకా వచ్చేది. అంతవరకూ అరుగు మీద కూర్చున్న మనిషి స్టూలు ఎత్తుకుని ఎండలోకి జరిగేవాడు.

“నీడక్కూడా పన్నేటి అయ్యా?” అని గుమ్మంలోంచి అడిగేది గంగాభవాని.

“ఏమో అమ్మీ. ఎవలు సూసొచ్చినారు?” అనేవాడు.

తీసుకోవడం దగ్గరే ఆ పట్టుదలంతా. ఇవ్వడానికి అడ్డేమీ లేదట. గోల్‌బజార్ వెళ్ళి చేపలు తెచ్చి కూతురి చేతికిచ్చేవాడు. ఆమె కూర వండితే మటుకు అటు తొంగి చూడడు. తన గదిలో తను ఉడకేసుకున్న మాడు అన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటూ, సందులోకి వస్తున్న పులుసు వాసన పీల్చి, “సింతపండు తగ్గినాది,” అని తీర్పు చెప్పేవాడు. వాసన అనుభవం కిందికి రాదని ఆయన ఎలా తేల్చుకున్నాడో తెలియదు. ఆయన వంట గురించి ఎస్తేరమ్మ ఎక్కువగా మాట్లాడేది కాదు. తన పిల్లికి పెట్టి చూశానని, అది ఆ గది వైపు వెళ్ళడం మానేసిందని మాత్రం చెప్పింది.

మరమ్మతు పనికి పిలిస్తే వచ్చేవాడు. తలుపు బందు ఊడినా, కొళాయి కారినా సంచీతో వచ్చి, బిగించి, కూర్చోకుండా వెళ్ళిపోయేవాడు. గోవిందరావుకి గోల్‌బజార్‌లో సైకిళ్ళ షాపు ఉంది. ఏ మరైనా కంటితోనే బిగించగల పనివాడు. అలాంటివాడి ఇంట్లో పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి ఊడిపోతూ ఉండేది. ఒకనాడు మొగుడు స్క్రూడ్రైవరుతో వంటింటి తలుపు బందు వదులు చేస్తూ ఉండగా గంగాభవాని చూసింది. ఆ రోజు అతనికి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

అసలు బాధ సందులో మనుషులతో వచ్చింది. ఇల్లు ఇచ్చిన తండ్రి ఎదురింట్లో అద్దెకి ఉండి చెయ్యి కాల్చుకుంటుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? కూతురు ఇల్లు రాయించుకుని తండ్రిని వీధిలో పెట్టిందనుకుంటారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చేవారు. పక్కింటి బెంగాలీ దీదీ అయితే, “బాబాకే ఘొరే డాకో,” అని మొహం మీదే అనేది, నాన్నని ఇంట్లోకి పిలవమని. గంగాభవాని బిందె కింద పెట్టి, చట్టం మొదటినుంచి చెప్పుకొచ్చేది. పోయినవాళ్ళ ఆస్తి మీద పడేది ఒక పన్ను, బతికుండగా ఇచ్చినదాని మీద పడేది ఇంకో పన్ను, ఇచ్చి కూడా వదలకపోతే మళ్ళీ మొదటి పన్నే. ఏడాది తిరిగేసరికి ఖరీదాలో ఆ సందులో ఆడవాళ్ళందరికీ ఎస్టేట్ డ్యూటీ కంఠతా వచ్చేసింది. అయినా చూపులు మాత్రం మారలేదు. చట్టం అర్థమవడం వేరు, ముసలాయన ఎండలో స్టూలు జరుపుకుంటూ కనిపించడం వేరు.

రెండేళ్ళు నిండిన రోజున గంగాభవాని చేపల పులుసు వండి, తూర్పు గదిలో దుప్పటి మార్చి, సందు దాటి వెళ్ళింది.

“రెండేళ్ళయిపోనాదయ్యా. లే.”

తవిటయ్య లేవలేదు. “ఆ రెండేళ్ళు దానానికమ్మీ. అనుభవానికి గడువు నేదంట. నాను పోయిందాకానంట.”

ఆమె అక్కడే నిలబడి ఢిల్లీలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పేరు తెలియకుండానే తిట్టింది. వాళ్ళకి తండ్రులు లేరా, కూతుళ్ళు లేరా, వాళ్ళ తండ్రులూ ఇలాగే చెయ్యి కాల్చుకుంటారా అంది. తవిటయ్య తల వంచుకుని అన్నీ విన్నాడు. మధ్యలో ఒకసారి, “ఆలనెందుకులే పాపం,” అని కూడా అన్నాడు. అంతసేపూ ఆయన ముఖంలో కష్టమే ఉంది గాని కోపం లేదు. సర్కారు మీద ఒక్క మాట తూలని మనిషి చట్టానికి అంత భయపడడం ఏమిటో ఆమెకి అప్పుడు తోచలేదు.

అరవై అయిదులో వానలు పట్టుకున్నాక తవిటయ్యకి జ్వరం వచ్చింది. మూడు రోజులైనా దిగలేదు. గోవిందరావు షాపు మూసేసి రైల్వే ఆసుపత్రి నుంచి మందు తెచ్చాడు. గంగాభవాని పగలంతా ఎస్తేరమ్మ గదిలోనే ఉంది. తన ఇంటి పొయ్యి మీద ఉడికించి తెస్తే ఆయన తాగడని ఆమెకి తెలుసు. అందుకని ఎస్తేరమ్మ పొయ్యి అడిగి, ఎస్తేరమ్మ గిన్నెలో, షాపు నుంచి అప్పుడే తెచ్చిన నూకలతో గంజి కాచింది. తన ఇంటిది పుల్ల కూడా అందులో పడలేదు.

తవిటయ్య లేచి కూర్చుని గ్లాసు గంజీ తాగాడు. తాగాక తలగడ కింద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఒక పావలా తీసి ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

“ఇదేటయ్యా?”

“ఉంచమ్మీ. ఊరికే తాగకూడదు.”

“ఇదీ సట్టమేనేటి?”

తవిటయ్య దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. “ఆ. సట్టమే,” అన్నాడు అటు తిరిగి.

గంగాభవాని పావలా అక్కడే వదిలేసి వానలో సందు దాటింది. నాలుగేళ్ళుగా చట్టం చెప్పీ చెప్పీ ఆమెకి అది బాగా అరిగిపోయింది. చట్టం ఇంటి మీద. ఇంటి అనుభవం మీద. ఎస్తేరమ్మ పొయ్యి మీద కాచిన గంజికి ఏ సర్కారూ పావలా అడగదు. మరి ఆ పావలా ఎవరు అడిగారు?

చీర కొంగు పిండుకుంటూ వంటింట్లో నిలబడ్డప్పుడు ఆమెకి అమ్మమ్మ నూకాలమ్మ గుర్తొచ్చింది. నూకాలమ్మ పెళ్ళయిన కూతుర్ని చూడ్డానికి శ్రీకాకుళం నుంచి రైల్లో ఖరగ్‌పూర్ వచ్చేదట. కూతురి ఇంట్లో మంచినీళ్ళు తాగినా పక్కన ఒక కానీ నాణెం పెట్టేదట. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో ఊరికే తినకూడదని వాళ్ళ ఊళ్ళో ఆచారం. గంగాభవాని పుట్టిన రోజున నూకాలమ్మ కడుపునిండా తిని, మూడేళ్ళ ఆకలి తీరిందని నవ్విందట. ఈ కథ అమ్మ ఎన్నిసార్లో చెప్పింది.

గంగాభవానికి పెళ్ళయి పదేళ్ళు. బిడ్డలు లేరు. ఆ సంగతి ఆమె, గోవిందరావు ఇద్దరూ అనుకోవడం ఎప్పుడో మానేశారు. తవిటయ్య అయితే ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అద్దె గదికి వచ్చినప్పుడు కూడా ఆయన ఏదో వంక చెప్పి తినకుండానే వెళ్ళిపోయేవాడని ఇప్పుడు తోచింది. ఆమె పీట మీద కూర్చుండిపోయింది.

మర్నాడు ఆఫీసు వేళకి ముందే ఉమాపతి ఇంటికి వెళ్ళింది.

“పంతులుగారూ, దానానికి పదివేలు మాఫీ అన్నారు. పోయినోల ఆస్తికి మాఫీ నేదా?”

ఉమాపతి కళ్ళజోడు తీసేశాడు. నాలుగేళ్ళుగా మోస్తున్న మూట దింపుకునే వేళ వచ్చిందని ఆయన ముఖమే చెప్పింది.

“యాభైవేలు,” అన్నాడు. “యాభైవేల దాకా పైసా పన్ను లేదు. మీ నాన్న మొత్తం ఆస్తి, ఈ ఇల్లూ సైకిలూ కలిపినా, అందులో అయిదో వంతు కూడా కాదు. ఎస్టేట్ డ్యూటీ వాళ్ళు మీ సందు పేరు కూడా వినరు.”

“మా అయ్యకి తెలుసా?”

“దానపత్రం రాసిన రోజే చెప్పాను. చట్టమంతా శ్రద్ధగా విని, ‘ఇచ్చినోడు అందులో ఉండకూడదన్న ముక్క బాగున్నాది బాబూ, ఆ యాభైవేల మాట మటుకు మా అమ్మికి సెప్పకండి’ అన్నాడు. ఎందుకయ్యా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. ‘బిడ్డ పుట్టకుండా కూతురింట్లో తినడం మా ఇంటా వంటా నేదు. ఆ మాట నా నోటితో ఎలగ సెప్తాను? అది కడుపులో పెట్టుకుని కుమిలిపోతాది. సర్కారు మీద ఎట్టీస్తే సర్కారుని తిట్టుకుంటాది. సర్కారుకేటి నొప్పి?’ అన్నాడు.”

గంగాభవాని కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. నాలుగేళ్ళు మాడు అన్నం తిన్నాడు, ఎండలో కూర్చున్నాడు, ఊరంతా నవ్వితే నవ్వించుకున్నాడు, ఆమె చెవిన ఆ ఒక్క మాట పడకూడదని. అంత పిచ్చి తండ్రి మీద ఆమెకి కోపం వచ్చింది. ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. ఆ రెండింటి మధ్యలో ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది.

“ఢిల్లీవోల్ని ఊరికే తిట్టినాను,” అంది.

“నేను అబద్ధం ఆడలేదమ్మా,” అన్నాడు ఉమాపతి నేరం చేసినవాడిలా. “అడిగినంత వరకే చెప్పాను. నువ్వు ఎక్కడ మాఫీ సంగతి అడుగుతావోనని నాలుగేళ్ళుగా గోల్‌బజార్‌కి చుట్టుదారిన వెళ్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఏప్రిల్ నుంచి చట్టం మారింది. కూతురికిచ్చిన ఇంట్లో తండ్రి ఉన్నా ఇప్పుడు తప్పు లేదు. నీకు చెప్పడానికి రావాలనుకున్నాను గాని, వస్తే మాఫీ సంగతి...”

గంగాభవాని అప్పుడు కళ్ళు తుడుచుకుంది. “ఆ కాగితం పట్టుకుని ఆదివారం రండి పంతులుగారూ. ఆ ముక్క సదవండి. యాభైవేల మాట ఎత్తకండి.”

“మీ నాన్న నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు మీ నాన్నకి చెప్పొద్దంటున్నావు. మధ్యలో నేనేమిటమ్మా?”

“మీరు పంతులుగారు,” అంది ఆమె.

ఆదివారానికి తవిటయ్యకి జ్వరం దిగింది. వాన వెలిసి, నీరెండ కాస్తోంది. ఎస్తేరమ్మ అరుగు మీద ఆయన గోడకి చేరగిలబడి ఉంటే, ఉమాపతి స్టూలు మీద కూర్చుని గెజిట్టు తీశాడు. గోవిందరావు సైకిలుకి ఆనుకుని నిలబడ్డాడు. గంగాభవాని సందు మధ్యలో నిలబడింది. ఎస్తేరమ్మ తలుపు దగ్గరగా వేసినట్టు వేసి, వెనకాల నుంచుంది.

ఉమాపతి ముందు ఇంగ్లీషులో గంభీరంగా చదివి, తరవాత తెలుగులో చెప్పాడు. “భార్యకి గాని, భర్తకి గాని, కొడుక్కి, కూతురికి, తోబుట్టువులకి గాని ఇచ్చిన ఇంట్లో ఇచ్చినవాడు కాపురమున్నాడన్న ఒక్క కారణంతో ఆ ఇంటిని అతని ఆస్తిలో కలపరు. అందులో ఉండే హక్కు తనకి రాసుకుని ఉంచుకుంటే మటుకు కలుపుతారు.”

తవిటయ్య నెమ్మదిగా విన్నాడు. “నాను హక్కు రాసుకున్నానేటి?”

“లేదు. దానపత్రం నేనే రాశాను. ఒక్క ముక్క కూడా లేదు.”

“అయితే ఆ ఇంట్లో నాకు హక్కు నేదు.”

“లేదు. లేదు కనకనే ఉండొచ్చు.”

“హక్కు నేని ఇంట్లో మనిసి ఎలగుంతాడు పంతులుగారూ?”

ఉమాపతి కాగితం తిరగేసి చూశాడు.

“కూతురు పిలిస్తే ఉంతాడు,” అంది గంగాభవాని.

తవిటయ్య ఎదురుగా ఉన్న గుమ్మం వైపు చూశాడు. ఆయన అంత తేలిగ్గా లొంగే మనిషైతే ఈ కథ నాలుగేళ్ళు నడవదు. గెడ్డం గీరుకుని, ఆఖరి అడ్డుపుల్ల వేశాడు.

“ఉండొచ్చన్నాది. బాగున్నాది. తినొచ్చన్నాదా?”

గోవిందరావు సైకిలు బెల్లు మీద వేలు పెట్టి, మోగించకుండా తీసేశాడు.

“ఆ కిందన ఉన్నాది గదా పంతులుగారూ,” అంది గంగాభవాని, ఎంత మామూలుగా అందంటే, ఆమెకి ఇంగ్లీషు చదువొచ్చేమో అనిపించింది. “పూటకి పావలా ఇచ్చి తింటే తప్పునేదని. ఆ ముక్క వొదిలీసినారు. సదవండి.”

ఉమాపతి ఇరవై ఏడేళ్ళ సర్వీసులో కాగితంలో లేనిది ఉందని ఎన్నడూ అనలేదు. పై ఆఫీసరు అడిగినా అనలేదు. ఇప్పుడు గెజిట్టు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, గంగాభవాని వైపు చూశాడు.

“ఉంది,” అన్నాడు. “ఉపనిబంధన. అక్షరాలు చిన్నవి.”

తవిటయ్య కూతురి ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ముందు ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తరవాత, పట్టుబడ్డ పిల్లాడిలా, మూతి పక్కన చిన్న నవ్వు వచ్చింది.

“ఠీక్ హై,” అన్నాడు. “అల్లుడా, ఆ ట్రంకు పట్టు.”

గోవిందరావు ట్రంకు భుజాన వేసుకున్నాడు. ఎస్తేరమ్మ తలుపు పూర్తిగా తీసి, నెల మధ్యలో ఖాళీ చేసినా అద్దె వెనక్కివ్వనని ఒక మాట అనేసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. పక్కింటి దీదీ గోడ మీద నుంచి చూసి, లోపలికి ఎవరినో కేకేసింది. ఠేలా అవసరం లేకపోయింది. సామానంతా నాలుగు విడతల్లో సందు దాటింది.

గుమ్మంలో కాళ్ళు కడుక్కుని తవిటయ్య లోపలికి వచ్చాడు. తూర్పు గదిలోకి తొంగిచూసి, కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడడం లేదని చెప్పాడు. అది తను వదులు చేసిందేనని గోవిందరావు ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం గంగాభవాని పళ్ళెం పెట్టింది. తవిటయ్య పావలా తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. ఆమె దాన్ని తీసి రొండిన దోపుకుంది. అన్నం, వంకాయ కూర, చేపల పులుసు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. పదేళ్ళుగా ఆమె వంట ఆయన తినగా చూడలేదు. మొదటి ముద్ద ఆయన నమలకుండా కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తరవాత వరసగా తిన్నాడు, తల ఎత్తకుండా.

సగం తిన్నాక చెయ్యి ఆపాడు.

“ఎప్పుడు తెలిసినాది అమ్మీ?”

“ఏటి తెలిసినాది?”

“అదే.”

గంగాభవాని గరిటె పులుసులో ఆడించి, పెద్ద ముక్క ఏరింది. “నాకేటి తెలుస్తాదయ్యా. సట్టాలన్నీ పంతులుగారికి తెలుస్తాయి. ఇంకో ముక్క ఎయ్యమంతావా?”

తవిటయ్య పళ్ళెం ముందుకి జరిపాడు.

“ఎయ్యి,” అన్నాడు.